శ్రీ అనే పేరున్న రెండు డ్రైవులు

బోధన్‌లో శక్కర్‌నగర్ వైపు పోయే రోడ్డు మీద సుమలతది చిన్న జిరాక్స్ దుకాణం. లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి మెట్టు మీదే ఆగాలి. ముసలివాళ్లు ఎవరైనా వస్తే ఆమె ముందు కుర్చీ జరుపుతుంది, తర్వాతే కాగితం అందుకుంటుంది. గాజు గ్లాసులో నీళ్లు పోసి బల్ల అంచున పెడుతుంది. తాగమని చెప్పదు. వాళ్లే చూసి తాగుతారు.

వర్ని నుంచి రైతు పట్టా కాగితం కోసం వచ్చినా, మాక్లూర్ నుంచి ఆడపిల్ల హాల్‌టికెట్ కోసం వచ్చినా, తెచ్చిన పెన్ డ్రైవ్ గుచ్చగానే లోపలున్నవన్నీ తెర మీదికి వస్తాయి. పాస్‌వర్డ్ అడగదు, వెతుక్కోనివ్వదు. ఆమె కంప్యూటర్‌లో ఉన్నది అందరూ వాడే విండోస్ కాదు, లినక్స్. బయటి డ్రైవ్ ఏది పెట్టినా వెంటనే తెరుచుకునేలా, అయితే చదవడానికి మాత్రమే తెరుచుకునేలా తనే అమర్చుకుంది. అందులో ఒక్క అక్షరం చెరపాలన్నా ఆమె మళ్లీ విడిగా అనుమతి ఇవ్వాలి.

"నా దగ్గర తెరుసుడు అల్కగ, తుడుసుడు కష్టం" అని నవ్వుతూ చెప్పేది.

ఆ అమరికను ఆమె ఎంత కోపంతో నేర్చుకున్నదో వచ్చినవాళ్లకు తెలియదు. తెలియాలంటే వెనక్కి తిరిగి రోడ్డు అవతలికి చూడాలి. అక్కడ, సరిగ్గా ఎదురుగా, ఆత్మారాం ఫోటో స్టూడియో ఉంది.

సుమలత తండ్రి లింబయ్య షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన మాట తగ్గిపోయింది, తర్వాత తిండి తగ్గిపోయింది, ఒక చలికాలంలో ఆయనే పోయాడు. తల్లి వెంకటవ్వ బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. ఇంటర్ అయ్యాక సుమలత కూడా తల్లి పక్కన చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ చాట ముందు నుంచి లేపి స్టూడియోలో పని ఇచ్చింది ఆత్మారామే. ఫోటోలు దిద్దడం, ఆల్బం పేర్చడం నేర్పింది ఆయనే. ఆ సంగతి సుమలత ఎప్పుడూ దాచలేదు. ఆరేళ్లు ఆయన్ని "అన్నా" అని నోరారా పిలిచింది.

ఆత్మారాం భక్తిపరుడు. పొద్దున షట్టర్ ఎత్తగానే కంప్యూటర్‌కు అగర్‌బత్తి చూపించి, ఫోటోలు దాచే పెద్ద డిస్కుకు కుంకుమ బొట్టు పెట్టేవాడు. కొత్త డ్రైవ్ ఏది కొన్నా మొదట దానికి "శ్రీ" అని పేరు పెట్టేవాడు. పుస్తకం మొదటి పేజీ మీద శ్రీ రాసినట్టే ఇదీ. అట్లా స్టూడియోలో శ్రీ పేరుతో రెండు ఉండేవి. ఒకటి ఆ పెద్ద డిస్కు. అది డ్రాయర్‌లో తాళం వేసి ఉండేది, తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండేది. రెండోది చిన్న పెన్ డ్రైవ్. నిజామాబాద్‌లోని ఆల్బం ల్యాబ్‌కు ఫోటోలు మోసుకుపోవడానికి దాన్ని వాడేవారు. మిగిలిన సమయమంతా అది కంప్యూటర్‌కే గుచ్చి ఉండేది.

కంప్యూటర్‌ను మాటిమాటికీ వైరస్ పట్టుకుంటుంటే ఆత్మారాం మేనల్లుడు మహేందర్ దాంట్లో లినక్స్ వేశాడు. మామకు తేలిగ్గా ఉండాలని రెండు ఏర్పాట్లు కూడా చేశాడు. ఏ డ్రైవ్ ఎక్కడ తెరుచుకోవాలో కంప్యూటర్ మొదలవుతూ చదువుకునే జాబితా ఒకటి ఉంటుంది. అందులో "శ్రీ అనే పేరున్నది దొరికితే ఈ ఫోల్డర్‌లో తెరువు" అని ఒక వరుస రాశాడు. తెర మీద "ఖాళీ" అని ఒక బటన్ పెట్టాడు. అది నొక్కితే ఆ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ల్యాబ్ నుంచి వచ్చిన పెన్ డ్రైవ్‌ను మళ్లీ వాడుకోవడానికి అది పనికొచ్చేది. ఆ తర్వాత మహేందర్ మస్కట్ వెళ్లిపోయాడు.

పోయిన ఏడాది జ్యేష్ఠంలో వర్నిలో పోశన్న అనే రైతు మనుమడికి పుట్టువెంట్రుకలు తీశారు. వీడియో తీసింది ఆత్మారాం. అందులో పోశన్న భార్య వసంతమ్మ మనుమడిని ఒళ్లో పెట్టుకుని పాట పాడింది. పాడుతూ మధ్యలో మరిచిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ వేడుక అయిన పన్నెండో రోజున ఆమె పొలం గట్టు మీద గుండె ఆగి పడిపోయింది. కర్మలన్నీ ముగిశాక ఆషాఢంలో పోశన్న బస్సు ఎక్కి స్టూడియోకు వచ్చాడు. "మా ఆమె పాట ఒక్కపారి ఇనిపియ్యి పటేలా" అన్నాడు.

ఆ పొద్దున్నే సుమలత నిజామాబాద్ ల్యాబ్ నుంచి తిరిగి వచ్చింది. పెన్ డ్రైవ్ గుచ్చింది, రోజూ చేసినట్టే "ఖాళీ" నొక్కింది. అరగంట తర్వాత ఆత్మారాం చూస్తే పోశన్న వీడియో ఎక్కడా లేదు. మిగతావాళ్లవి కొన్ని కంప్యూటర్‌లో కూడా ఉన్నాయి. పోశన్నది మాత్రం లేదు.

అప్పుడు స్టూడియో ముందు పదిమంది దాకా ఉన్నారు. పక్కన చాయ్ బండి నడిపే ఈరవ్వ కూడా ఉంది. వాళ్లందరి ముందు ఆత్మారాం మొలతాడు పైకి లాగి తాళంచెవి చూపించాడు.

"నా డిస్కు డ్రాయర్‌ల ఉన్నది. చెవి నా నడుముకున్నది. పొద్దటి సంది తీసిందే లేదు. వీడియో గా పెన్ డ్రైవ్‌ల పెట్టిన, గీ పిల్ల సూస్కోకుండ తుడిసేసింది. ఇయ్యాల్టి సంది నువ్వు రాకు!"

పోశన్న అంతకుముందు స్టూడియోకు వచ్చినప్పుడల్లా సుమలతకు రుమాలులో కట్టి పచ్చి పసుపు కొమ్ములో, కొత్త బియ్యమో తెచ్చేవాడు. ఎవరినీ గట్టిగా మాట అనని మనిషి. ఆ రోజు ఆమె వైపు చూసి, "నీ చేతులు పడిపోను బిడ్డా" అన్నాడు.

ఆత్మారాం తిట్లకు సుమలత ఏడవలేదు. ఆ ఒక్క మాటకు ఏడ్చింది.

ఊరు చిన్నది. రోడ్డు మీద తెలిసినవాళ్లు ముఖం తిప్పుకునేవారు. ఈరవ్వ మాత్రం ఆమె కనబడగానే అందరికీ వినపడేలా "సుమా, చాయ్ సల్లారుతున్నది, జల్ది రా" అని పిలిచి గ్లాసు చేతిలో పెట్టేది. వెంకటవ్వ కూతుర్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కొన్నాళ్లు అన్నం కలిపి ముద్దలు తనే పెట్టింది.

సుమలత ఒక పాత కంప్యూటర్ సంపాదించి అందులో లినక్స్ వేసింది. రెండు పెన్ డ్రైవ్‌లకు శ్రీ అనే పేరే పెట్టింది. మహేందర్ రాసిన వరుసనే రాసింది. ఒకటి పెట్టి, దాని మీద రెండోది పెట్టి, ఖాళీ నొక్కి చూసింది. తారుమారు చేసి చూసింది. రోజులు గడిచాయి. చివరికి అర్థమైంది. ఒకే పేరుతో రెండు వస్తే, ముందు వచ్చింది ఆ ఫోల్డర్‌ను పట్టేసుకుంటుంది, తర్వాత వచ్చింది బయట నిలబడుతుంది. అప్పుడు ఖాళీ నొక్కితే తుడిచిపెట్టుకుపోయేది లోపలున్నదే.

అంటే ఆ రోజు ఆమె వచ్చేసరికే పెద్ద డిస్కు కంప్యూటర్ వెనకాల గుచ్చి ఉంది. గుచ్చింది తాళంచెవి ఉన్నవాడు. తర్వాత మెల్లగా పీకి డ్రాయర్‌లో పెట్టిందీ వాడే.

తెలిసింది గాని రుజువు లేదు. అందుకే దసరాకు సరిగ్గా స్టూడియో ఎదుటి గదిలోనే దుకాణం పెట్టింది. శనివారం గుడికి పోయినప్పుడు తనకు కావలసినవి ఏవీ అడిగేది కాదు. "వాడు నా ముంగటికి రావాలె స్వామీ, వాడంతట వాడే రావాలె" అని ప్రదక్షిణ ప్రదక్షిణకూ అదే అడిగేది. అలాంటి మొక్కు మొక్కవచ్చునో లేదో నాకు తెలియదు. ఆ స్వామి మాత్రం విన్నాడు.

మాఘమాసం. పెళ్లిళ్ల కాలం. ఒక బుధవారం పొద్దున ఆత్మారాం రోడ్డు దాటి వచ్చాడు.

"సుమా..."

ఆమె ఒక ముసలమ్మ ఆధార్ కాగితాలకు పిన్ను కొడుతోంది. తల ఎత్తలేదు.

"లైన్‌ల నిలబడన్నా. ముందు ఈ అవ్వది కానియ్యి."

మెట్టు మీద ఎండ పడుతోంది. నలుగురి పని అయ్యేదాకా ఆత్మారాం ఆ ఎండలోనే నిలబడ్డాడు. చాయ్ గ్లాసులతో వచ్చిన ఈరవ్వ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఏం సేటు, గిట్లచ్చినవ్? తొవ్వ తప్పినవా?"

"నీ పని నువ్ సూస్కో ఈరవ్వా."

"నా పని చాయ్ పోసుడే. మెట్టు మీదోళ్లకు గూడ పోస్త, పట్టు." నిజంగానే ఒక గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. ఎవరినైనా ఎండలో ఉత్త చేతులతో నిలబెట్టడం ఈరవ్వకు చేతకాదు.

వంతు వచ్చింది. ఆత్మారాం గొంతు తగ్గించాడు.

"కంప్యూటర్ లేస్తలేదు సుమా. నల్లగయ్యి ఏందేందో ఇంగ్లీష్ల రాస్తున్నది. ఎల్లుండి ఆల్బం ఇయ్యాలె. మహేందర్‌గాడు ఫోన్ ఎత్తుతలేడు."

"నిజామాబాద్ తీస్కపోరాదు."

"పోయచ్చిన. లినక్స్ మాకు రాదు, అంత తుడిసి విండోస్ ఏస్తమన్నరు."

"తుడుసుడు నీకు కొత్తనా అన్నా?"

సుమలత పిన్నుల డబ్బా మూత పెట్టింది.

"చేస్త. నాకు రెండు కావాలె. నీ కంప్యూటర్, నీ పెద్ద డిస్కు, రెండూ గిక్కడికే తేవాలె. ఇంకోటి, వర్ని పోశన్న కాక రావాలె. ఆయన ముంగటనే తెరుస్త."

"ఆయనెందుకు నడ్మ?"

"గా దినం తిట్టింది ఆయన ముంగటనే గదా."

ఆత్మారాం సరేనన్నాడు. ఆమెకు కావలసింది నాలుగు మెత్తటి మాటలే అనుకున్నాడు కాబోలు. తనకు ఏ రోజు ఏ నిమిషాన ఏం గుచ్చారో, ఏం పీకారో లినక్స్ తనలో తను రాసి పెట్టుకుంటుందని ఆయనకు తెలియదు.

మధ్యాహ్నం మూడింటికి పోశన్న వచ్చాడు. సగం చిక్కిపోయాడు. సుమలత ముఖం చూడకుండానే వచ్చి కూర్చున్నాడు. ఆమె గ్లాసులో నీళ్లు పోసి బల్ల అంచున పెట్టింది. ఆయన ముట్టలేదు. ఈరవ్వ పిలవకుండానే బండి వదిలి వచ్చి మెట్టు మీద నిలబడింది. ఆమె వెనక ఇంకో ఐదారుగురు చేరారు.

కంప్యూటర్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద అక్షరాలు నడిచి ఒకచోట ఆగిపోయాయి.

"అన్నా, చిన్న పెన్ డ్రైవ్ ఏది?"

"మొన్న పెండ్లిల ఎవలో కొట్టేసిండ్రు."

"గందుకే. శ్రీ వచ్చేదాక నేను లేవనని కూసున్నది. మహేందర్ జాబితాల శ్రీ పేరు రాసిండు గని, అది లేకున్నా ఆగకని రాయలె."

ఆ జాబితా తెరిచి, శ్రీ ఉన్న వరుసలో ఒక్క మాట చేర్చింది. మళ్లీ ఆన్ చేసింది. ఈసారి ఆగలేదు. తెర మీద ఆత్మారాం పెట్టుకున్న దేవుడి బొమ్మ వచ్చింది. ఆయన ఊపిరి వదిలి లేవబోయాడు.

"సల్లగుండు బిడ్డా. గింతేనా! ఇగ నేను పోత."

"కూసో అన్నా. నీ పని అయింది. నాది కాలె."

ఆమె ఆ కంప్యూటర్ రాసుకున్న పాత దినచర్య తెరిచింది. ఆషాఢంలోని ఆ తేదీకి వెళ్లింది. అందరికీ వినపడేలా ఒక్కొక్క వరుస తెలుగులో చెప్పింది.

"పొద్దున తొమ్మిది నలభై. కంప్యూటర్ లేసింది. పెద్ద డిస్కు ఒకటి పెట్టి ఉన్నది, శ్రీ ఫోల్డర్‌ల తెరుసుకున్నది. దాని నంబర్ గిది. పదకొండు పన్నెండు. చిన్న పెన్ డ్రైవ్ పెట్టిండ్రు. అది నేనే, బస్ దిగి వచ్చిన. పదకొండు పద్నాలుగు. ఖాళీ నొక్కిండ్రు. అది గూడ నేనే. పదకొండు ముప్పై ఒకటి. పెద్ద డిస్కు పీకిండ్రు." ఆగి, చేయి చాపింది. "అన్నా, డిస్కు ఇయ్యి."

ఆత్మారాం ఇవ్వలేదు. ఈరవ్వ ఆయన ఒడిలోని డిస్కు తీసి బల్ల మీద పెట్టింది. కుంకుమ బొట్టు పక్కనే దాని వెనక చీటీ మీద నంబర్ ఉంది. సుమలత డిస్కును పోశన్న ముందుకు జరిపింది.

"కాకా, నువ్వే సదువు. రెండూ ఒక్కటేనా?"

పోశన్న చీటీ మీది అంకెలు ఒక్కొక్కటిగా వేలితో చూపిస్తూ చదివాడు. తెర మీదివి చదివాడు. మళ్లీ చీటీవి చదివాడు.

"ఒక్కటే."

"చెవి ఎవలి నడుముకుంటది కాకా?"

అందరి చూపులూ ఆత్మారాం నడుము మీదికి పోయాయి.

"పాటలు... భజన పాటలు ఎక్కిచ్చుకుందామని పెట్టిన" అన్నాడు ఆయన. "రెండు శ్రీలు పెడితే గిట్లయితదని నాకేమెరుక? భయమైంది. ఊర్ల పేరు పోతదని భయమైంది."

"నీ పేరు పోతదని నా పేరు తీసినవ్."

సుమలత అక్కడితో వదిలితే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. వదల్లేదు. పెద్ద డిస్కును తన కంప్యూటర్‌కు గుచ్చింది. అది చదవడానికి మాత్రమే తెరుచుకుంది. తుడిచిపోయిన ఫైళ్ల పేర్లను వెతికే ప్రోగ్రామ్ నడిపింది. చాలాసేపు పట్టింది. చివరికి పేర్ల వరుసలో ఒకచోట "వర్ని పోశన్న పుట్టువెంట్రుకలు" అని కనిపించింది.

పోశన్న కుర్చీలోంచి లేచాడు. "ఉన్నదా బిడ్డా?"

ఆమె ఆ పేరు మీద నొక్కింది. బ్యాండు మోగింది. ఎవరిదో బరాత్. గుర్రం మీద పెళ్లికొడుకు, ముందు గంతులేస్తున్న దోస్తులు. పది క్షణాలు నడిచి ఆగిపోయింది.

"పేరొక్కటే మిగిలింది కాకా." ఆమె తెర మీది బరాత్ మూసేసింది. "తుడిసినయి అప్పుడే పోవు. వాటి మీద కొత్తయి రాయకుంటె మల్ల తియ్యొచ్చు. గా దినం అన్న నిజం చెప్పి ఈ డిస్కు పక్కన పెడితే వసంతమ్మ పెద్దమ్మ పాట దొరికేది. చెప్పలె. గీ ఏడు నెలలు ఊరందరి పెండ్లిలు తెచ్చి ఆమె మీద రాసిండు."

ఏడు నెలలుగా ఆమె దాచుకున్న దెబ్బ ఇదే. సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. ఆత్మారాం రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన వేళ్ల మధ్య నుంచి "పోశన్నా..." అన్న మాట వచ్చింది. పోశన్న ఆయన వైపు తిరగలేదు.

ఆ ముసలాయన సుమలత రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. అరచేతులు పైకి తిప్పి, కళ్లకు అద్దుకున్నాడు.

"నా నోరు పాడుగాను. ఎసొంటి మాటంటి బిడ్డా. గా మాట నా మీదికే రాని."

"గట్లనకు కాకా" అని ఆమె ఏడ్చింది. అప్పుడు పోశన్న బల్ల అంచున ఉన్న నీళ్లు తీసుకుని తాగాడు.

ఎల్లుండి ఇవ్వాల్సిన పెళ్లి ఫోటోలన్నీ సుమలత ఒక వేరే పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి ఆత్మారాం చేతిలో పెట్టింది. "పెండ్లి పిల్ల నన్నేం అనలె" అంది. ఆయన డిస్కు కోసం చేయి చాపాడు.

"ఇంకొక్కటున్నది. రేపు మల్ల చిన్న డ్రైవ్ కొంటవ్, మల్ల శ్రీ అనే పెడతవ్. రెండిటికి ఒక్కటే పేరుంటె మల్ల గదే అయితది. దీని పేరు మార్చాలె."

"ఏదో ఒకటి పెట్టు."

ఆ రోజు మొదటిసారి ఆమె ఆ డిస్కు మీద రాయడానికి అనుమతి ఇచ్చింది. పేరు గడిలో శ్రీ చెరిపింది. ఆ గడిలో ఇంగ్లీషు అక్షరాలు పదకొండుకు మించి పట్టవు. వసంతమ్మ పేరుకు పదకొండే కావాలి. ఒక్కొక్క అక్షరం నింపాదిగా కొట్టింది. స్టూడియో కంప్యూటర్ జాబితాలో కూడా అదే పేరు రాసి, ఆ డిస్కు గుచ్చగానే తెర నడుమన పెద్ద అక్షరాలతో తెరుచుకునేలా అమర్చింది. ఖాళీ బటన్ తీసేసింది.

మర్నాడు పొద్దున పది గంటలకు ఆత్మారాం షట్టర్ ఎత్తాడు. అగర్‌బత్తి వెలిగించాడు. డిస్కుకు బొట్టు పెట్టి గుచ్చాడు. తెర నడుమన వసంతమ్మ పేరు తెరుచుకుంది. అగర్‌బత్తి పట్టుకున్న చేయి గాలిలోనే ఆగిపోయింది. రోడ్డు ఇవతల సుమలత జిరాక్స్ మిషన్ ఆపి మరీ చూసింది.

అప్పటి నుంచి అది రోజూ జరుగుతోంది. ఫోటో దిగడానికి వచ్చినవాళ్లు తెర చూసి, వసంతమ్మ ఎవరని అడుగుతారు. ఆయన ఏం చెబుతాడో రోడ్డు దాటి వినపడదు. పెదవులు కదలడం మాత్రం కనిపిస్తుంది. బుధవారాలు పోశన్న వచ్చి స్టూడియో గుమ్మం బయట నిలబడతాడు. పేరు తెరుచుకునేదాకా ఉండి, లోపలికి అడుగు పెట్టకుండా తిరిగి సుమలత దుకాణానికి వస్తాడు. రుమాలు విప్పి పసుపు కొమ్ములు బల్ల మీద పెడతాడు.

ఇక చాలు కదా అని, జిరాక్స్ కోసం వచ్చినప్పుడు నేను ఒకసారి అన్నాను. సుమలత చాలా సేపు కాగితాలు సర్దింది. "అన్నకు చాలిందేమో. నాకింక చాల్లేదు" అంది. అని, ఆత్మారాం భార్య పంపిన రేషన్ కార్డుకు జిరాక్స్ తీసి, చినిగిన మూలకు తన దగ్గరున్న టేపు అంటించి పంపించింది.

పేరు మార్చమని అడగడానికి ఆత్మారాం రెండుసార్లు రోడ్డు దాటి వచ్చాడు. రెండుసార్లూ ఆమె తల ఎత్తకుండానే, "లైన్‌ల నిలబడన్నా" అంది. రెండుసార్లూ ఈరవ్వ ఆయన చేతిలో చాయ్ పెట్టింది. ఆయన ఎండలో నిలబడి ఆ చాయ్ తాగాడు. తన వంతు వచ్చేలోపు ఖాళీ గ్లాసు మెట్టు మీద పెట్టి, వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోయాడు.